ఒక మిషను, నలుగురికీ వంతు

మన ఊరి సచివాలయంలో కంప్యూటర్ తెరిచినా, పట్నంలో నెట్ సెంటర్‌కెల్లి తెరిచినా అందులో సి డ్రైవ్ అని ఒకటి కనబడతాది. డి కూడా ఉండొచ్చు. మరి ఏ, బీ ఏటైపోనాయో ఎప్పుడైనా అనుకున్నారా? అవి ఫ్లాపీలకి పెట్టిన పేర్లు. ఫ్లాపీలు పోనాయి. ఆటి అక్షరాలు మాత్రం, ఇంట్లో పెద్దాయన పోయినాక ఆయన పీట మీద ఎవులూ కూకోనట్టు, అలగే ఖాళీగా ఉండిపోనాయి. చిన్న కంప్యూటర్లకి ఈ అక్షరాల పద్ధతి అలవాటు చేసినోడు గ్యారీ కిల్డాల్. ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటిపోనాది.

ఆయన పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఎలగ విన్నారో కూడా నాకు తెలుసు. కోచింగ్ సెంటర్లో సారో, ఫోన్లో రీలో చెప్పుంటాది. ఐబీఎం కంపెనీ కోట్ల బేరం పట్టుకుని ఇంటికొస్తే ఈయన విమానమెక్కి సరదాకి తిరగడానికి ఎల్లిపోనాడని, ఆ బేరం బిల్ గేట్స్ ఎత్తుకుపోనాడని, అందుకే అవకాశం వచ్చినప్పుడు ఇంట్లో ఉండాలని. ఆ కథ సగం అబద్ధం. మిగిలిన సగంలో కూడా అసలు మనిషి లేడు. ఆయన బతుకులో మనలాంటోళ్లకి పనికొచ్చే ముక్క ఒకటున్నాది. దాన్ని మాత్రం ఎవులూ చెప్పరు. ఒక కంప్యూటర్ని ఒకేసారి నలుగురు వాడుకునీలాగ, ఒకేసారి నాలుగు పనులు చేసీలాగ, అదీ పేద కంప్యూటర్ మీద, చేసి చూపించినోడాయన. మా ఇస్కూలు ల్యాబ్‌లో ఒక్కో మిషను చుట్టూ ఆరుగురం నిలబడీవోళ్లం. మౌస్ ఒకడి చేతిలో ఉంటే మిగతా ఐదుగురూ వాడి భుజాల మీంచి చూసీవోళ్లు. అందుకే ఈ కథ నాకు అంత దగ్గరగా అనిపిస్తాది.

కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టినాడు. సముద్రపు ఊరు. ఇంటోళ్లది ఓడలు నడిపీవోళ్లకి దారి లెక్కలు నేర్పే బడి. నక్షత్రాల్ని, సూర్యుణ్ని కొలిచి నడిసంద్రంలో ఎక్కడున్నామో తేల్చే విద్య అది. మన కళింగపట్నం, భావనపాడు గంగపుత్రులు తాతల నుంచీ కంటితోనే చేసీ పనిని ఆళ్లు త్రికోణమితి పట్టికలతో చేసీవోళ్లు. కుర్రాడు చదువు మీద అంత మోజున్నోడు కాదు. కార్లు విప్పడం, రేడియోలు, తీగలు, ఆటితోనే పొద్దుపోయీది. కొన్నాళ్లు ఆ బడిలోనే లెక్కలు చెప్పినాడు. లెక్కల మాస్టారు అవుదామనే యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరినాడు. అక్కడ కంప్యూటర్ కనబడింది. ఇంక లెక్కల మాస్టారు ఉద్యోగం ఎక్కడిదక్కడే ఆగిపోనాది.

అది వియత్నాం యుద్ధం నాటి కాలం. సైన్యంలోకి పిలుపొచ్చీ వయసు. యుద్ధానికి పోకుండా నౌకాదళం తరపున పాఠాలు చెప్పే పని దొరికింది. కాలిఫోర్నియా ఒడ్డున మాంటరేలో నౌకాదళం ఆఫీసర్లకి పెద్ద చదువులు చెప్పే నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్ ఉన్నాది. కిల్డాల్ అక్కడ పంతులైనాడు. 1972లో డాక్టరేట్ పూర్తి చేసినాడు. ఆ మరుసటేడు రాసిన పరిశోధనా పత్రం, ప్రోగ్రాంని మిషనే చదువుకుని తనంతట తానే చక్కబరుచుకోడం గురించింది. అది నేటికీ కంపైలర్ల పాఠాల్లో ఆయన పేరుతోనే చెప్తారు. బీటెక్ కంప్యూటర్స్ చదివిన అన్నయ్యలెవరైనా ఉంటే అడగండి.

ఆ రోజుల్లోనే ఇంటెల్ కంపెనీ 4004 అనీ చిప్ దించింది. వేలి గోరంత వస్తువు. కంప్యూటర్ అంటే అప్పటికి గది నిండా అల్మారాలు. చాలామంది ఆ చిప్‌ని ట్రాఫిక్ లైట్లకో, లెక్కల మిషనుకో పనికొస్తాదిలే అని చూసినారు. కిల్డాల్‌కి మాత్రం అందులో పూర్తి కంప్యూటర్ కనబడింది. నాన్న బడిలో ఓడల లెక్కలు దీనితో చెయ్యొచ్చా అనీ ఆలోచన కూడా ఉండీది. చిప్‌ని పట్టుకుని ఊరుకోలేదు, ఇంటెల్‌కెల్లి ఆళ్లకే పని చేసిపెట్టినాడు. చిప్‌కి అర్థమయ్యే ఒకట్లు సున్నాల భాషలో కాకుండా మనిషి చదవగలిగే మాటల్లో ప్రోగ్రాం రాయడానికి పీఎల్/ఎమ్ అనీ భాష తయారు చేసినాడు. ఈ ముక్క రాస్తుంటే నాకు గిడుగు రామమూర్తి పంతులే గుర్తుకొస్తన్నాడు. ఆయనా పంతులే. పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పి, పుస్తకంలో తెలుగు జనం నోట్లో తెలుగులాగే ఉండాలని బతుకంతా పోరాడినాడు. ఇద్దరికీ పోలిక అంతవరకే. కానీ విద్య పదిమందికి అందాలంటే ముందు భాష మారాలని ఇద్దరికీ తెలుసు.

చిప్ ఉన్నాది, భాష ఉన్నాది. రాసింది దాచుకోడానికి చోటేది? కాగితం టేపు మీద చిల్లులు పొడిచి దాచీవోళ్లు. కిల్డాల్ షుగార్ట్ కంపెనీ ఫ్లాపీ డ్రైవ్ ఒకటి సంపాదించినాడు కానీ, దాన్ని చిప్‌కి కలిపే సర్క్యూట్ చెయ్యడం ఆయన వల్ల కాలేదు. అతని నేస్తం జాన్ టొరోడ్ అది చేసిపెట్టినాడు. ఆ డిస్క్ మీద ఫైళ్లు ఎక్కడెక్కడున్నాయో చూసుకునీ ప్రోగ్రాంని కిల్డాల్ 1974లో రాసినాడు. పసిఫిక్ గ్రోవ్ ఊర్లో, ఇంటి పెరట్లో ఉన్న చిన్న షెడ్డే ఆయన పనిగది. ఆ ప్రోగ్రాం పేరే సీపీ/ఎమ్. ఇంటెల్ వోళ్లకి చూపిస్తే ఆళ్లు దీన్ని కొనలేదు, పీఎల్/ఎమ్ చాలన్నారు. అమ్మకం ఆయనకే వచ్చి పడింది.

ఇక్కడ డొరొతీ గురించి చెప్పాలి. చదువుకునీ రోజుల నుంచీ తోడున్న మనిషి, పెళ్లాడిన భార్య, ఇద్దరు పిల్లల తల్లి. కంపెనీ మొదలైనాక వ్యాపారం అంతా ఆవిడదే. ఆఫీసులో పుట్టింటి పేరు మెకెవెన్‌తోనే చెలామణీ అయ్యీది. పత్రికల్లో ప్రకటన ఇచ్చి, ఒక్కో డిస్క్ 70 డాలర్లకి పోస్టులో పంపీవోళ్లు. కంపెనీకి మొదట పెట్టుకున్న పేరు ఇంటర్‌గలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్. నక్షత్రమండలాలు దాటీ పేరన్నమాట, పెరటి షెడ్డుకి! తరవాత డిజిటల్ రీసెర్చ్ అని కురచ చేసినారు.

అప్పట్లో ఒక్కో కంపెనీ కంప్యూటర్ ఒక్కో తీరుగా ఉండీది. ఒకదానికి రాసిన ప్రోగ్రాం ఇంకోదాని మీద నడవదు. ఇంసాయ్ కంపెనీ మిషన్ల కోసం పని చేస్తున్నప్పుడు కిల్డాల్ సీపీ/ఎమ్‌ని రెండు ముక్కలు చేసినాడు. మిషను బట్టి మారీ చిన్న ముక్క ఒకపక్క, ఎప్పుడూ మారని పెద్ద ముక్క ఇంకోపక్క. కొత్త మిషను వస్తే చిన్న ముక్క మార్చుకుంటే సాలు. ఆ చిన్న ముక్కకి పెట్టిన పేరు బయాస్. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే ఎఫ్2 నొక్కితే నేటికీ ఆ పేరే పలుకుతాం. వందల రకాల మిషన్ల మీద ఒకే ప్రోగ్రాం నడవడం అలగ మొదలైంది. వర్డ్‌స్టార్, డీబేస్ లాంటివి పుట్టి పెరిగింది సీపీ/ఎమ్ మీదే. సాఫ్ట్‌వేర్‌ని విడిగా, పుస్తకం అమ్మినట్టు అమ్మి బతకొచ్చని లోకానికి తెలిసింది ఈ దెబ్బతోనే.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న చోటికొచ్చినాం.

సీపీ/ఎమ్‌కి ఒక లోటున్నాది. ఒక మనిషి, ఒక పని. ప్రింటు వేస్తంటే అది అయ్యేదాకా చేతులు కట్టుకుని కూకోవాలి. చిన్న కొట్టోడు వేల డాలర్లు పోసి కంప్యూటర్ కొంటే, లెక్కలు రాసీ గుమస్తా లేచేదాకా సరుకు రాసీ గుమస్తా నిలబడాలి. పెద్ద కంప్యూటర్లలో ఈ బాధ అప్పటికే తీరిపోనాది. 1960ల నుంచే యూనివర్సిటీల్లో ఒక మిషనుకి పదుల మంది కూకుని పని చేసీవోళ్లు. బెల్ ల్యాబ్స్ యూనిక్స్ కూడా అలాంటిదే. అంచేత ఈ ఆలోచన కిల్డాల్‌ది కాదు. ఆ ఆలోచనని 64 కిలోబైట్లకి మించి జ్ఞాపకం పట్టని బుల్లి చిప్ మీదకి దించడం మాత్రం ఆయన కంపెనీ పని. 64 కిలోబైట్లు అంటే ఎంతో తెలియాలా? మీరు చదువుతున్న ఈ వ్యాసాన్ని ఒక్కదాన్ని అందులో పెడితే సగం పైనే నిండిపోతాది. ఇంటెల్ నుంచి వచ్చిన టామ్ రోలాండర్ చేతుల మీదుగా 1979లో ఆ సిస్టమ్ బయటకొచ్చింది. పేరు ఎంపీ/ఎమ్.

అదెలగ నడుస్తాదో మన చెరువు మదుము చూసినోళ్లకి బేగి అర్థమవుతాది. నీరు ఒకటే, మదుము ఒకటే, కింద పొలాలు పది. అందరికీ ఒకేసారి ఒదిలితే ఎవులి మడీ తడవదు. అందుకే వంతులు. ఈ గంట ఆ రైతుకి, వచ్చే గంట ఈ రైతుకి. ఎండిపోతున్న నారుమడి ఉంటే దానికి ముందు. కంప్యూటర్లో చిప్పే ఆ నీరు. ఎంపీ/ఎమ్ మదుము దగ్గర నిలబడ్డ మనిషి. లోపల ఒక గడియారం సెకనులో పదులసార్లు టిక్కుమని కొడతాది. కొట్టినప్పుడల్లా ఒకడి పని ఆపి, ఎక్కడ ఆపినాడో గుర్తు పెట్టుకుని, ఇంకోడి పనికి చిప్‌ని మళ్లిస్తాది. వంతు ఎంత బేగి తిరుగుతాదంటే నలుగురు నాలుగు తెరల ముందు కూకుని, మొత్తం మిషను తనదే అనుకుంటారు. ఆ తెరలు ఒట్టి టెర్మినళ్లు. కీబోర్డు, బొమ్మ తప్ప ఆటిలో బుర్ర లేదు. బుర్ర అందరికీ ఒకటే.

జ్ఞాపకం చాలకపోతే? చిప్ ఒక్కసారికి 64 కిలోబైట్లే చూడగలదు. అంచేత జ్ఞాపకాన్ని బ్యాంకులుగా విడగొట్టి, ఎవుడి వంతు వస్తే వాడి బ్యాంకుని చిప్ ముందుకి తిప్పీవోళ్లు. ఊరికి ఒకటే కళ్లం ఉంటే నా కుప్ప తీసి నీ కుప్ప ఏసినట్టు.

ఇంకో చిక్కున్నాది. నాకు ఇదే అన్నిటికన్నా ఇష్టమైన భాగం. సొసైటీ బ్యాంకులో ఒకాయన ఖాతాలో 500 రూపాయలున్నాయనుకోండి. ఒక గుమస్తా 200 జమ రాయడానికి ఆ పద్దు తెరిచినాడు. అదే నిమిషాన పక్క టెర్మినల్లో ఇంకో గుమస్తా 100 ఖర్చు రాయడానికి తెరిచినాడు. ఇద్దరికీ 500 కనబడింది. మొదటోడు 700 అని రాసి మూసినాడు. రెండోవోడు 400 అని రాసి మూసినాడు. మిగిలింది 400. ఉండాల్సింది 600. రెండొందలు ఎవులూ తినలేదు, అయినా పోనాయి. కాయితం లెడ్జరైతే ఒకడు రాస్తంటే ఇంకోడు ఆగుతాడు కాబట్టి ఈ గొడవ రాదు. 1981లో వచ్చిన ఎంపీ/ఎమ్ రెండో రూపంలో దీనికి తాళం పెట్టినారు. ఒకడు పద్దు తెరిస్తే వాడు ఒగ్గీదాకా ఇంకోడికి దొరకదు. ఫైళ్లకి పాస్‌వర్డ్ పెట్టుకునీ సదుపాయం కూడా ఇచ్చినారు. నేడు మీరు ఫోన్‌పే కొట్టినా, రైలు టికెట్ కోసం ఒకే సీటుకి వెయ్యిమంది ఎగబడినా అడుగున తిరుగుతున్నది ఆ తాళం లెక్కే.

ఎంపీ/ఎమ్ గొప్ప, గొప్ప అని నేను డప్పు కొట్టను. నలుగురు ఎక్కితే మెల్లగా ఈడ్చుకుంటా నడిచీది. ఆ చిప్పుల్లో ఒకడి జ్ఞాపకాన్ని ఇంకోడు తొక్కకుండా గట్టు లేదు. ఒకడి గేదె కట్టు తెంపుకుంటే అందరి మళ్లూ తొక్కీసినట్టు, ఒక ప్రోగ్రాం చెడితే నలుగురి పనీ పోయీది. సీపీ/ఎమ్ అమ్ముడైనట్టు ఇది అమ్ముడవలేదు. పైగా అమెరికాలో చిప్పులు చవకైపోయి, ఎవుడి మిషను వాడికే అయిపోనాది. పంచుకోవాల్సిన అవసరం ఆళ్లకి పోనాది. మనకి పోలేదు. మన బ్యాంకుల్లో, ఎల్‌ఐసీ ఆఫీసుల్లో 90ల దాకా ఒక యూనిక్స్ మిషను, దానికి తగిలించిన టెర్మినళ్లు, అదే సంసారం. మన బడుల్లోనైతే ఒక మిషను, ఆరుగురు పిల్లలు, ఒక మౌస్.

ఇంక ఆ విమానం కథ. 1980లో ఐబీఎం చిన్న కంప్యూటర్ చెయ్యాలనుకుంది. ఆపరేటింగ్ సిస్టమ్ కోసం మైక్రోసాఫ్ట్‌కెల్తే, అది మా దగ్గర లేదు, కిల్డాల్ దగ్గరున్నాదని బిల్ గేట్సే తోవ చూపించినాడు. ఐబీఎం మనుషులు పసిఫిక్ గ్రోవ్ వచ్చిన పొద్దున కిల్డాల్ విమానంలో ఎల్లిన మాట నిజమే. రోలాండర్‌తో కలిసి ఒక కొనుగోలుదారు దగ్గరికి కంపెనీ పని మీద ఎల్లినాడు. సరదా షికారు కాదది. ఇంట్లో డొరొతీ ఉంది. కంపెనీల బేరాలు మాట్లాడీది ఎప్పుడూ ఆవిడే. ఐబీఎం ఒక కాయితం తీసి ముందు దీని మీద సంతకం పెట్టమన్నాది. మేము చెప్పింది మీరు బయటకి చెప్పకూడదు, మీరు చెప్పింది మేము ఎలగైనా వాడుకుంటాం అనీలాంటి ఏకపక్షం కాయితం. వకీలు వద్దన్నాడు, ఆవిడ పెట్టలేదు. ఏలుముద్ర ఎయ్యమంటే ఏటి రాసుందని అడగడం తప్పా? మధ్యాహ్నానికి కిల్డాల్ తిరిగొచ్చినాడు. ఆ తరవాత ఏటి జరిగిందన్న దాని మీద ఎవులి మాట వాళ్లదే. బేరం మాత్రం తెగలేదు.

కిల్డాల్ తప్పు లేదని కూడా నేను అనను. ఇంటెల్ కొత్త చిప్ 8086కి సీపీ/ఎమ్ తయారు చెయ్యడంలో కంపెనీ సానా ఆలస్యం చేసింది. ఆ ఆలస్యం భరించలేకే సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనీ చిన్న కంపెనీలో టిమ్ ప్యాటర్సన్ అనీ కుర్రాడు, సీపీ/ఎమ్ ప్రోగ్రాములకి సుళువుగా ఒదిగీలాగ తనే ఒకటి రాసీసుకున్నాడు. మైక్రోసాఫ్ట్ దాన్ని కొని ఐబీఎంకి ఇచ్చింది. అదే డాస్. ఏ, బీ, సీ అక్షరాలు, ఎనిమిది అక్షరాల ఫైలు పేరు, దాని తోక మూడు అక్షరాలు, అన్నీ సీపీ/ఎమ్ పోలికలే. కిల్డాల్ గోల పెడితే, మీదీ అమ్ముతాంలే అని ఐబీఎం ఒప్పుకుంది. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ బయటకొచ్చింది. సీపీ/ఎమ్ నెలల తరబడి వెనకబడి వచ్చింది. కొట్లో పక్కపక్కనే పెట్టినారు. డాస్ 40 డాలర్లు. సీపీ/ఎమ్ 240 డాలర్లు. కొనీవోడు ఏది పట్టుకెల్తాడు?

ఆ డాస్ ఒక మనిషికి, ఒక పనికే. అప్పటికే ఎంపీ/ఎమ్ నలుగురిని కూకోబెట్టింది. ఆ తరవాత రెండేళ్ల లోపే డిజిటల్ రీసెర్చ్ కాంకరెంట్ సీపీ/ఎమ్ దించింది. ఒక తెర మీదే నాలుగు తెరలున్నట్టు, మీట నొక్కితే ఒకదాన్నుంచి ఇంకోదానికి. ఒకదాంట్లో ఉత్తరం, ఒకదాంట్లో లెక్కలు, వెనకాల ప్రింటు. లోకంలో ఎక్కువమంది మాత్రం విండోస్ 95 దాకా, అంటే ఇంకో పన్నెండేళ్లకి పైగా, అంత సుకం సరిగ్గా ఎరగరు. ధర తేడా అంత దూరం తీసుకెల్లింది.

ఆ తరవాత కథ బేగి చెప్పీస్తాను. డొరొతీతో విడిపోనాడు. కంప్యూటర్ క్రానికల్స్ అనీ టీవీ కార్యక్రమంలో స్టీవర్ట్ షెఫే పక్కన కూకుని, పోటీ కంపెనీల సరుకుని కూడా కుళ్లు లేకుండా జనానికి విప్పి చెప్పీవోడు. పాత బడిపంతులు కదా. 1985లో గ్రోలియర్ విజ్ఞాన సర్వస్వాన్ని ఒక సీడీలోకి ఎక్కించడంలో ఆయన చెయ్యి ఉన్నాది. ఇరవై సంపుటాలు దాటిన పుస్తకాల వరస ఒక పళ్లెంలో! 1991లో డిజిటల్ రీసెర్చ్‌ని నోవెల్ కంపెనీ కొనీసింది. డబ్బుకి లోటు లేదు. విమానాలు, పడవలు, కార్లు ఉన్నాయి. అయినా ఎక్కడికెల్లినా ఆ విమానం కథే అడిగీవోళ్లు. ఆ కుళ్లబొడుపు ఆయన్ని లోపల తినీసింది. తాగుడు ఎక్కువైంది. 1994 జులైలో మాంటరేలో ఒక బార్‌లో తలకి దెబ్బ తగిలింది. అదెలగ తగిలిందో నేటికీ తేలలేదు. మూడు రోజులకి, జులై 11న పోనాడు. 52 ఏళ్లు. సియాటిల్‌లో పాతిపెట్టినారు.

బతికుండగా తన కథ తనే రాసి, అచ్చెయ్యకుండా కొందరికి పంచిపెట్టినాడు. ఆయన పిల్లలు అందులో మొదటి భాగాన్ని 2016లో బయటపెట్టనిచ్చినారు. రెండో భాగం రాసినప్పటికి నాన్న మనసు బాగోలేదని దాన్ని దాచుకున్నారు. అంతకు రెండేళ్ల ముందు, 2014లో, పసిఫిక్ గ్రోవ్‌లో డిజిటల్ రీసెర్చ్ ఉన్న పాత ఇంటి ముందు ఇంజినీర్ల సంఘం ఐఈఈఈ ఒక ఫలకం పెట్టింది. ఆ వీధి పేరు లైట్‌హౌస్ అవెన్యూ.

మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే ఒక ముక్క తెలుసుకోండి. దాని అడుగున ఉన్నది లినక్స్, యూనిక్స్ జాతిది, పదిమంది వాడుకునీ జాతి. ఫోన్ వాడీది మీరొక్కరే అయినా, లోపల ఒక్కో యాప్‌కి ఒక్కో మనిషికి ఇచ్చినట్టు వేరే నంబరు ఇచ్చి, ఒకడి సామాను ఇంకోడు ముట్టకుండా గట్టు కట్టి కూకోబెడతాది. ఎంపీ/ఎమ్‌కి లేని గట్టు అదే. ఆ పాత ఎంపీ/ఎమ్‌నీ చూడొచ్చు. ఇప్పుడు దాన్ని ఉచితంగానే ఇస్తన్నారు. ఆల్టెయిర్ మిషనులా నటించే సిమ్‌హెచ్ అనీ ఎమ్యులేటర్ ఉన్నాది. పాత ల్యాప్‌టాప్ అయినా సాలు. ఎక్కించుకుని, నాలుగు టెర్మినల్ కిటికీలు తెరిచి, నేస్తాల్ని ముగ్గుర్ని పక్కన కూకోబెట్టుకోండి. ఒకే ఫైలు ఇద్దరు తెరవబోతే ఏటవుతాదో ముందు అదే చూడండి.